అసెంబుల్డ్ కంప్యూటరు: భాగముల ఎంపిక

ఎడమ నుండి తెరచిన తెలుగు, కుడి నుండి తెరచిన ఉర్దూ: మన వార్షిక సంచికకు రెండు ముఖములు కలవు. గత సంవత్సరము ఆ సంచిక మూడు వారములు ఆలస్యముగా వెలువడిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండును. సంపాదక వర్గము సోమరితనమే కారణమని కొందరు, ముద్రణాలయమే కారణమని కొందరు అనిరి. అసలు కారణము ఇటుకరాయి పరిమాణము గల ఒక ఇనుప పెట్టె. దానిని ఎస్‌ఎంపీఎస్ అందురు. కంప్యూటరు లోపలి భాగములకు విద్యుత్తును పంచిపెట్టుట దాని పని. పత్రికా గదిలోని మా యంత్రమునందు అది కాలిపోయినది. తానొక్కటే పోక మదర్‌బోర్డును, ఎస్‌ఎస్‌డిని కూడ వెంట తీసికొని పోయినది. తెలుగు పుటలకు నకలు ఒక విద్యార్థిని పెన్‌డ్రైవులో మిగిలియున్నది. ఉర్దూ పుటలకు నకలు లేదు. అవి మొదటినుండి మరల కూర్చబడినవి.

ఈ సంవత్సరము పాలక సంఘమువారు దయతో క్రొత్త యంత్రమునకు ధనము మంజూరు చేసియున్నారు. మూడు కొటేషన్లు తెప్పించి, వానిలో తక్కువ మొత్తము గలదానిని ఆమోదించుట నియమము. ఆ నియమమును మేము కాదనుట లేదు. కాని కొటేషనులో ఏమి వ్రాయబడి యుండవలెనో తెలియనిచో, తక్కువ ధర అనుమాటకు అర్థము లేకుండ పోవును. గత యంత్రమును కూడ తక్కువ ధరకే కొంటిమి. దానిని ఎన్నుకొనినవారము మేమే కావున, ఈ వ్యాసమును వ్రాయవలసిన బాధ్యత కూడ మాదే అయినది. ఇంటివద్ద తల్లిదండ్రులు చిట్టీ పాడి ఇచ్చిన సొమ్ముతో కంప్యూటరు కొనుక్కొనదలచిన విద్యార్థులకు సైతము ఇందలి విషయములు పనికివచ్చునని మా నమ్మకము.

అసలు కంప్యూటరును విడి భాగములుగా కొని కూర్చుకొనుట ఎట్లు సాధ్యమైనది? 1981 ఆగస్టులో ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు, అందలి ప్రాసెసరు మొదలుకొని అనేక భాగములను బయటి సంస్థలనుండి కొని వాడెను. అదనపు కార్డులను గ్రుచ్చుటకు స్లాట్లను అమర్చి, యంత్రపు వైరింగు పటములను కూడ గ్రంథ రూపమున ప్రకటించెను. మరుసటి సంవత్సరమే కాంపాక్ సంస్థ దానికి సరిపోలు యంత్రమును ప్రకటించెను. ఆ తరువాత 1995లో ఇంటెల్ రూపొందించిన ఏటీఎక్స్ ప్రమాణము వలన బోర్డు కొలతలు, మరల రంధ్రముల స్థానములు, విద్యుత్తు తీగెల కొసలు ఒక కట్టుబాటులోనికి వచ్చినవి. 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు గలది ఏటీఎక్స్ బోర్డు. ఇరువైపుల 244 గలది మైక్రో ఏటీఎక్స్. తైవానులో తయారైన బోర్డు, మరియొక దేశమున తయారైన పెట్టెలో చక్కగా అమరుట ఈ కట్టుబాటు వలననే. అయితే కొలతలు సరిపోయినంత మాత్రమున స్వభావములు సరిపోవు. ఎంపికయందలి కష్టమంతయు అక్కడనే ఉన్నది.

మొట్టమొదట తేల్చుకొనవలసినది యంత్రముతో చేయవలసిన పని. మా గదిలో జరుగు పనులను ఒక నెలపాటు పుస్తకములో వ్రాసి చూచితిమి. ఉర్దూ, తెలుగు పుటల కూర్పు, ఛాయాచిత్రములను సరిచేయుట, వాణిజ్య శాస్త్ర విద్యార్థుల ట్యాలీ అభ్యాసము, పైథాన్ ప్రోగ్రాములు, సంవత్సరమునకు రెండు మూడు మారులు ఒక వీడియో: ఇంతే. వీనిలో గ్రాఫిక్స్ కార్డును నిత్యము కోరునది ఒక్కటియు లేదు. ఐనను గత యంత్రములో రంగు దీపములు గల పెట్టె, ఎవరో వాడి అమ్మిన గ్రాఫిక్స్ కార్డు ఉండెను. దుకాణదారుడు దానిని గేమింగ్ యంత్రమనెను. మేమును లోలోపల సంతోషించితిమని ఒప్పుకొనుచున్నాము.

ఇక కొటేషను విషయము. సాధారణముగా అందులో ఐ5 ప్రాసెసరు, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డి, 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ అని నాలుగు పంక్తులుండును. ఐ5 అనునది ఒక ప్రాసెసరు పేరు కాదు, ఇంటి పేరు వంటిది. 2013 నాటి ఐ5-4570 అనుదానికి నాలుగు కోర్లు. 2024 నాటి ఐ5-14400 అనుదానికి పది కోర్లు. రెండును ఐ5లే. మొదటిది డీడీఆర్3 మెమొరీతో మాత్రమే పనిచేయును. విండోస్ 11 దానిని అధికారికముగా అంగీకరింపదు. విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణల సాధారణ కాలము 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత ప్రాసెసరును తీసికొని, దాని సాకెట్టుకు క్రొత్తగా తయారుచేసిన అనామక బోర్డుపై కూర్చి, క్రొత్త పెట్టెలో అమర్చి అమ్ముట బజారులో కలదు. పెట్టె తెరచి చూచినను సామాన్యునికి తేడా తెలియదు. కావున పూర్తి సంఖ్య వ్రాయని కొటేషనును పోల్చిచూచుట వ్యర్థము. సంఖ్య చివరనున్న అక్షరము కూడ ముఖ్యమే. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎఫ్ అను అక్షరమున్నచో అందులో అంతర్గత గ్రాఫిక్స్ లేదని అర్థము. వేరుగా కార్డు కొననిదే తెరపై బొమ్మయే రాదు. ధరలో కొంత తగ్గినదని సంబరపడి తెచ్చుకొని, ఇంటికి వచ్చిన పిదప నల్లని తెరను చూచుచు కూర్చున్నవారిని మేమెరుగుదుము.

ప్రాసెసరును, మదర్‌బోర్డును వేరువేరుగా ఎన్నుకొనుటకు వీలులేదు. ఆ రెంటిని కలుపునది సాకెట్టు. ఏఎండీ సంస్థవారి ఏఎం4 సాకెట్టు 2017 నాటి మొదటి రైజెన్‌ల నుండి 2020లో మొదలైన 5000 శ్రేణి వరకు కొనసాగినది. అది డీడీఆర్4 మెమొరీని తీసికొనును. 2022లో వచ్చిన ఏఎం5 డీడీఆర్5ను మాత్రమే తీసికొనును. దానిని 2027 వరకైనను కొనసాగింతుమని ఆ సంస్థ 2024లో ప్రకటించియున్నది. ఇంటెల్‌వారి ఎల్‌జీఏ 1700 సాకెట్టు 12, 13, 14 తరముల ప్రాసెసర్లకు పనికివచ్చును. బోర్డునుబట్టి డీడీఆర్4 కాని, డీడీఆర్5 కాని వాడవచ్చును. 2024 అక్టోబరులో ఆ సంస్థ వేరొక సాకెట్టునకు మారినది. ఇందు సరియైనది ఏది అని అడిగినచో, కళాశాల వంటి చోట యంత్రమును ఆరేడేండ్లు వాడుదురు గనుక, మధ్యలో ప్రాసెసరును మాత్రమే మార్చుకొను అవకాశమున్న సాకెట్టువైపు మేము మొగ్గుదుము. చేతిలోని సొమ్ము తక్కువైన విద్యార్థికి అంతర్గత గ్రాఫిక్స్ గల రైజెన్ 5600జి వంటిది ఏఎం4 బోర్డుపై నేటికిని చాలినంత పనిచేయును. ఒక్క జాగ్రత్త: దుకాణములో చాలకాలము నిలువయున్న బోర్డు, దాని తరువాత వచ్చిన ప్రాసెసరును గుర్తింపకపోవచ్చును. బయోస్‌ను నవీకరించి ఇమ్మని కొనునప్పుడే అడుగవలెను.

మెమొరీ విషయమున రెండు మాటలు చాలును. 16 జీబీ కావలసినప్పుడు 16 జీబీ పలక ఒకటి కాక 8 జీబీ పలకలు రెండు తీసికొనుట మేలు. డీడీఆర్4-3200 పలక ఒక్కటి సెకనుకు 25.6 జీబీల సమాచారమును మోయగలదు. రెండు పలకలు రెండు మార్గములలో నడచినచో అది 51.2 అగును. అంతర్గత గ్రాఫిక్స్ తన అవసరమునకు ఈ మెమొరీనే వాడుకొనును గనుక తేడా కంటికి కనిపించును. డీడీఆర్4, డీడీఆర్5 పలకలయందు గాడి వేరువేరు చోట్ల ఉండుటచే ఒకదాని చోట మరియొకటి దిగదు. బలవంతముగా దింపజూచినవారు బోర్డును కోల్పోయిరి. ఈ వ్యాసమున రూపాయల లెక్కలు ఇవ్వకపోవుటకు కారణము కూడ మెమొరీయే. కృత్రిమ మేధకై కట్టు భారీ సర్వర్ల గిరాకీ వలన 2025 చివరి మాసములలో దాని ధర ఎంతగా పెరిగినదనగా, మేము సెప్టెంబరులో తెచ్చిన కొటేషను డిసెంబరుకు చిత్తు కాగితమైనది.

నిలువ విషయమునకు వచ్చినచో, పాత హార్డుడిస్కు సెకనుకు సుమారు 150 ఎంబీలు, సాటా ఎస్‌ఎస్‌డి సుమారు 550 ఎంబీలు, మూడవ తరము మార్గముపై నడచు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డి 3,500 ఎంబీల వరకు చదువగలవు. మొదటి మార్పు, అనగా హార్డుడిస్కు నుండి ఎస్‌ఎస్‌డికి మారుట, పునర్జన్మ వంటిది. తరువాతి మార్పులను పుటలు కూర్చువాడు గుర్తింపనైనను గుర్తింపడు. కావున అత్యధిక వేగమునకు వెచ్చించు సొమ్ముతో, నకళ్లు దాచుటకు విడిగా ఒక సామాన్యపు డిస్కును కొనవలెనని మా సలహా. ఈ సలహా ఎట్టి అనుభవమునుండి వచ్చినదో పైన చెప్పియే యున్నాము.

ఇప్పుడు ఆ ఇనుప పెట్టె సంగతి. మన గోడ సాకెట్టులో వచ్చునది 230 వోల్టుల ఏసీ విద్యుత్తు. కంప్యూటరుకు కావలసినది 12, 5, 3.3 వోల్టుల డీసీ విద్యుత్తు. మార్చునది ఎస్‌ఎంపీఎస్. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు రెండును ప్రధానముగా 12 వోల్టుల మార్గము నుండియే శక్తిని గ్రహించును. కనుక అట్టపెట్టెపై పెద్ద అక్షరములలో ముద్రించిన వాట్ల సంఖ్యకంటె, ఎస్‌ఎంపీఎస్ ప్రక్కన అతికించిన చిన్న పట్టికలోని 12 వోల్టుల గడి ముఖ్యము. వోల్టులను ఆంపియర్లతో గుణించినచో వాట్లు వచ్చుననునది ఉన్నత పాఠశాలలో చదువుకొన్నదే. మా పాత పెట్టెపై 500 వాట్లు అని ఉండెను. కాలిపోయిన పిదప దానిని విప్పదీసి పట్టికను చదివితిమి. 12 వోల్టుల వద్ద 14 ఆంపియర్లు, అనగా 168 వాట్లు మాత్రమే. మా గ్రాఫిక్స్ కార్డు ఒక్కటియే నిండు భారమున 120 వాట్లు కోరునది. ప్రాసెసరుకు 65, తక్కిన వానికి సుమారు 40 కలిపినచో 225.

మరి అన్ని నెలలు ఎట్లు నడచినదని అడుగవచ్చును. పుటలు కూర్చునప్పుడు గ్రాఫిక్స్ కార్డు నిద్రించుచుండును, ప్రాసెసరు కునుకుచుండును. 168 వాట్లు ధారాళముగా సరిపోవును. ఏప్రిల్ నెల ఒక మధ్యాహ్నము మాలో ఒకరు వార్షికోత్సవపు వీడియోను సిద్ధము చేయుచుండగా రెండును ఒక్కమారుగా మేల్కొనినవి. గదిలో వేడి. ఇంతలో కరెంటు పోయి వచ్చినది. చిన్న చప్పుడు, కాలిన ప్లాస్టిక్ వాసన. మంచి ఎస్‌ఎంపీఎస్ అయినచో భారము మితిమీరినప్పుడు, వోల్టేజి హద్దు దాటినప్పుడు, షార్టు సర్క్యూటు అయినప్పుడు తనంతట తాను ఆగిపోవును. అట్టి రక్షణలు మాదానిలో పేరునకైనను ఉన్నట్లు తోచలేదు. అమ్మిన దుకాణము పేరు ఇక్కడ అనవసరము. పట్టికను చదువకుండ కొన్నది మేము. ఉర్దూ అధ్యాపకులు ఒకరు, యౌవనమున కితాబత్ నేర్చినవారు, ఆ దినము గదిలోనికి వచ్చి కాలిన పెట్టెను చేతిలోనికి తీసికొని చూచి, కాతిబ్ చేతికలము విరిగినచో ఇంకొకటి చెక్కుకొనెడివాడని మాత్రము అని వెడలిపోయిరి. ఆయన కోపగించియుండినచో మాకు కొంత తేలికగా ఉండెడిది.

ఎంత వాట్లు కావలెను? రైజెన్ 7600 వంటి ప్రాసెసరు 65 వాట్లదని పిలువబడినను నిండు పనిలో 88 వాట్ల వరకు తీసికొనును. ఐ5-14400 కొద్దిసేపు 148 వాట్ల వరకు పోగలదు. బోర్డు, మెమొరీ, డిస్కులు, ఫ్యానులకు 50 వాట్లు లెక్కించినను, గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రము 200 వాట్లు దాటదు. తరువాతి కాలమున ఆర్‌టీఎక్స్ 4060 వంటి 115 వాట్ల కార్డు చేర్చినను 315. నిజాయితీ గల 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఇందుకు చాలును. నిజాయితీ లేని 750 వాట్లది చాలదు. 80 ప్లస్ అను ముద్ర సామర్థ్యమును తెలుపును: 300 వాట్లు లోపలికి ఇచ్చుటకు 80 శాతము సామర్థ్యము గలది గోడనుండి 375 వాట్లు తీసికొని, మిగిలిన 75 వాట్లను వేడిగా వెదజల్లును. అది రక్షణలకు హామీ కాదు. కాని ఆ ముద్రయైనను లేనిదానిని ముట్టకుండుట మంచిది. మొత్తము ధనములో పదవ వంతు ఎస్‌ఎంపీఎస్‌కు కేటాయించినచో అది దుబారా కాదని పాలక సంఘమువారికి మనవి చేయుచున్నాము.

యూపీఎస్ ఉన్నది గదా, కరెంటు పోయిన నేమి అని కొందరందురు. సామాన్యపు యూపీఎస్ కరెంటు పోయినది గుర్తించి బ్యాటరీకి మారుటకు కొన్ని మిల్లీ సెకన్లు పట్టును. ఆ లోపల యంత్రమును నిలబెట్టునది ఎస్‌ఎంపీఎస్‌లోని కెపాసిటరే. ఏటీఎక్స్ ప్రమాణము సుమారు 16, 17 మిల్లీ సెకన్లు నిలువవలెనని కోరును. నాసిరకము అంతసేపు నిలువదు. అందుచే యూపీఎస్ ఉండియు యంత్రము ఆగి మరల మొదలగుట చూతుము. 600 వీఏ అని వ్రాసిన యూపీఎస్ సాధారణముగా 360 వాట్ల వరకే ఇచ్చునని కూడ గుర్తుంచుకొనవలెను. లేజర్ ప్రింటరును దానికి తగిలింపరాదు.

వేసవిలో మన గదులు ఎట్లుండునో చెప్పనక్కరలేదు. గది ఉష్ణోగ్రత ఎన్ని డిగ్రీలు పెరిగిన, లోపలి భాగముల ఉష్ణోగ్రతయు ఇంచుమించుగా అన్ని డిగ్రీలు పెరుగును. రైజెన్ 7600 తన 95 డిగ్రీల హద్దును తాకినప్పుడు వేగమును తానే తగ్గించుకొనును. ముందుభాగమున అద్దపు పలక బిగించిన పెట్టె చూచుటకు అందముగా ఉండును గాని, గాలి లోనికి పోవుటకు దారి ఉండదు. జాలి గల పెట్టె, ముందు ఒక ఫ్యాను, వెనుక ఒక ఫ్యాను, తీసి కడుగుటకు వీలైన దుమ్ము జల్లెడ: ఇవి చాలును. రంగు దీపములు వద్దని మేము శాసింపము. వెల ఎక్కడనుండి తగ్గించి వానిని పెట్టితిరో మాత్రము అడుగవలెను.

మానిటరు విషయమున మన కళాశాలకు ఒక ప్రత్యేకత కలదు. నస్తాలీఖ్ లిపిలో పదము కుడివైపు పైనుండి ఎడమవైపు క్రిందికి జారుచు వ్రాయబడును. నుక్తాలు ఒకదానిపై నొకటి గుమిగూడును. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ రూపొందించిన నూరీ నస్తాలీఖ్ రాక పూర్వము ఆ లిపిని యంత్రముపై కూర్చుట మిక్కిలి కష్టముగా ఉండెను. వేలాది అక్షరపు కూడికలను ఒక్కొక్కటిగా గీయవలసి వచ్చినది. తెలుగున ఒత్తులు, గుడులు అట్టివే. తెరపై చుక్కలు పలుచనైనచో ఒక నుక్తా రెండుగా, ప ఒత్తు ష ఒత్తుగా కనిపించి, అచ్చులో తప్పులు దొర్లును. 24 అంగుళముల తెరపై 1920 చేత 1080 చుక్కలున్నచో అంగుళమునకు సుమారు 92 చుక్కలు. అవే చుక్కలు 27 అంగుళములపై పరచినచో 82కు తగ్గును. పెద్ద తెర కావలెనన్నచో 2560 చేత 1440 గలది తీసికొనవలెను. అప్పుడు 109 అగును. గ్రాఫిక్స్ కార్డుకు వెచ్చింపని సొమ్ము ఇక్కడ సార్థకమగునని మా అభిప్రాయము. ప్రూఫులు దిద్దువారి కన్నులు కూడ యంత్ర భాగములలో చేరినవే.

కూర్చుట కష్టమైన విద్య కాదు. ప్లాస్టిక్ తివాచీపై కూర్చొని చేయరాదు. ఒంటిలోని స్థిర విద్యుత్తు పోవుటకు పెట్టె ఇనుమును అప్పుడప్పుడు తాకుచుండవలెను. పెట్టెలోని ఇత్తడి కాళ్లు బోర్డు రంధ్రములకు సరిగా ఉన్నవో లేవో చూడవలెను. అనవసరమైన చోట ఒక కాలు మిగిలినచో బోర్డు వెనుక షార్టు కావచ్చును. ప్రాసెసరును దాని త్రికోణపు గుర్తు చూచి, నొక్కకుండ, ఉంచవలెను. దానిపై థర్మల్ పేస్టు బఠాణీ గింజంత చాలును. 24 పిన్నుల తీగెను తగిలించి ప్రాసెసరు దగ్గరి 8 పిన్నుల తీగెను మరచిపోవుట క్రొత్తవారందరు చేయు పొరపాటు. మేము రెండు మారులు చేసితిమి.

సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట ఒకే మేడలో అనేక దుకాణములుండుటచే ధరలను పోల్చుట సులభము. ఎక్కడ కొన్నను భాగములను విడివిడిగా, సీలు పెట్టెలలో చూచి, ప్రతి భాగపు సీరియల్ సంఖ్యను బిల్లుపై వ్రాయించుకొనవలెను. మొత్తము యంత్రము ఒకటి అని ఒకే పంక్తిలో వ్రాసిన బిల్లుతో ఏ తయారీదారుని వద్దను వారంటీ అడుగుట కష్టము. భాగమునుబట్టి వారంటీ కాలము మారును. మంచి ఎస్‌ఎంపీఎస్‌లకు ఐదు సంవత్సరములుండుట సామాన్యము.

ఈ మారు మూడు దుకాణములకు పంపు విచారణ పత్రమును మేము సిద్ధము చేసి కార్యాలయమున అందజేసితిమి. అందు ప్రాసెసరు పూర్తి సంఖ్య, బోర్డు తయారీదారు పేరు, నమూనా పేరు, మెమొరీ పలకల లెక్క, ఎస్‌ఎస్‌డి నమూనా, ఎస్‌ఎంపీఎస్ నమూనాతోపాటు 12 వోల్టుల వద్ద ఎన్ని ఆంపియర్లు అను గడి, ప్రతి భాగమునకు వేరుగా ధర, వేరుగా వారంటీ వ్రాయవలసి యుండును. ఆ గడిని ఖాళీగా విడిచిన కొటేషనును, మొత్తము ఎంత తక్కువైనను, పోలికలో చేర్చవద్దని పాలక సంఘమువారిని కోరియున్నాము. పాత ఎస్‌ఎంపీఎస్‌ను పారవేయలేదు. పట్టిక పైకి కనిపించునట్లు పత్రికా గది అలమారలో ఉంచితిమి. చూడదలచినవారు మధ్యాహ్నము రెండు గంటల తరువాత రావచ్చును.